రుద్రారము బాట ప్రక్కని దుకాణదారుని వంశకథ

రాజవంశముల చరిత్ర వ్రాయబూనిన వానికి శాసనములు చేయూతనిచ్చును. దేశముఖుల వంశములకు సనదులును, పట్వారీల కుటుంబములకు దస్త్రములును, మఠాధిపతులకు గురుపరంపరలును ఆధారములగును. ఊరి నడుమ నాలుగు కాగులు, ఒక తరాజు, ఒక గల్లాపెట్టె పెట్టుకొని, ఉప్పు, పప్పు, చింతపండు, బెల్లము అమ్ముకొనుచు మూడు నాలుగు తరములు గడపిన చిల్లర దుకాణదారుని వంశచరిత్ర యెచ్చట దొరకును? పందొమ్మిదవ శతాబ్దమున నిజాము రాజ్యములోని యొక చిన్న యూర దుకాణము నడపిన కుటుంబమును గూర్చి తెలిసికొనవలెనన్న ఏ యటుక వెదకవలెను, ఏ పెట్టె తెఱవవలెను, ఏ ముసలమ్మ నడుగవలెను అను విషయమును ఈ ప్రసంగమున విచారింపదలచితిని.

హైదరాబాదు నుండి పడమరగా రామచంద్రాపురము, పటాన్‌చెరువు దాటి సంగారెడ్డి దిశగా సాగిపోవు జాతీయ రహదారి మీద, ఎడతెగని లారీల రాకపోకల నడుమ, కర్మాగారముల ప్రహరీలకును విశ్వవిద్యాలయ భవనములకును చేరువగా రుద్రారము కలదు. గణేశగడ్డ వినాయకుని దర్శించుటకై సంకష్టహర చతుర్థినాడు కాలినడకన వచ్చు భక్తుల మూలమున ఈ యూరి పేరు దూరమువఱకు తెలిసియున్నది. కర్మాగారములు నిన్నమొన్నటివి, బాట మాత్రము మిక్కిలి పాతది. పటాన్‌చెరువును కల్యాణి చాళుక్యుల నాటి పొట్లకెరె నగరముగా చరిత్రకారులు పలువురు గుర్తించిరి. పిదప బహమనీ సుల్తానులకు రాజధానియైన బీదరునకును, కుతుబ్‌షాహీల గోలకొండకును నడుమనున్న సీమ యిదియే. సైన్యములు నడచిన బాటమీదనే సరకు బండ్లును నడచును. బండ్లు నడచిన చోటనెల్ల చెట్టునీడయు, బావియు, వాని చెంతనే యొక దుకాణమును వెలయును. రుద్రారము మొదలు సదాశివపేట, జోగిపేట, జహీరాబాదుల వఱకు గల యీ సీమలో చిన్న దుకాణదారులు చాలవఱకు కోమట్లు. బీదరు వైపు పోయినకొలది లింగాయతు వర్తకులును కనబడుదురు. మార్వాడీ సాహుకార్లు నగరమునందును పెద్ద పేటలందును కోఠీలు నడపిరి. ఇందు కోమటి కుటుంబమునే తీసికొని విచారింతము.

ఈ కుటుంబమువారిని మీ వంశమెవరిదని యడిగినచో, మొట్టమొదట చెప్పునది గోత్రము. పెనుగొండలో వాసవీ కన్యకతోపాటు అగ్నిప్రవేశము చేసినవారు 102 గోత్రములవారనియు, వారి సంతతియే తామనియు పరంపరగా చెప్పుకొందురు. పశ్చిమ గోదావరి తీరమునందలి పెనుగొండకును మంజీరా తీరమునందలి రుద్రారమునకును ఎంత దూరమో తలచుకొన్నచో, ఒక కథ జనసమూహమును ఎంత గట్టిగా కట్టియుంచగలదో తెలియును. ఈ కథను ఊరూరను పాడి వినిపించి, కోమటి యిండ్లనే యాశ్రయించి జీవించిన మైలారులను గూర్చియు, కోమట్లనే యాచించు వీరముష్టులను గూర్చియు 1909లో వెలువడిన థర్‌స్టన్ దొరగారి ఏడు సంపుటముల గ్రంథమున వివరములు కలవు. నిజాము రాజ్యమునకు సంబంధించి 1920లో సయ్యద్ సిరాజుల్ హసన్ గారును అటువంటి గ్రంథమునే రచించిరి. వీనియందు కులము యొక్క ఆచారములు దొరకును. కాని ఒక కుటుంబము ఏ యేట ఏ యూరు విడిచి ఏ యూరు చేరెనో, ఎందుకు చేరెనో గోత్రము చెప్పదు, మైలారి పాటయు చెప్పదు. గోత్రము వంశమునకు మూలపురుషుని చూపును; మూలపురుషునకును ముత్తాతకును నడుమ నున్న కాలమంతయు అంధకారబంధురమే.

ఆ చీకటిలో దీపమైనది చిట్టా పుస్తకము.

ఆ పుస్తకమును కొంచెము దగ్గఱగా చూతము. నిడువుగా, వెడల్పు తక్కువగా, ఎఱ్ఱగుడ్డ అట్టతో కుట్టబడియుండును. దీపావళినాడో ఉగాదినాడో క్రొత్త పుస్తకము తెఱచి, నాలుగు మూలల పసుపు కుంకుమలుంచి, మొదటి పుటపై శ్రీకారము చుట్టి, లక్ష్మీపూజ చేసిన పిమ్మటనే కలము పట్టుదురు. ఏ పూటకు ఆ పూట జరిగిన బేరమును వరుసగా వ్రాయునది చిట్టా. అందుండి ఒక్కొక్క మనిషి పేరిట వేఱువేఱుగా ఎత్తి వ్రాయునది ఆవర్జా. ఎడమ ప్రక్క జమ, కుడి ప్రక్క ఖర్చు; బాకీ తీఱినపుడు అడ్డముగా ఒక గీత గీచి చెల్లు అని వ్రాయుట. అంకెల తరువాత కాలు, పరక, వీసము, కాని అను భిన్నములకు గుఱుతులుండును. పరక యన ఎనిమిదవ వంతు, వీసమన పదునాఱవ వంతు, కాని యన అఱువది నాలుగవ వంతు. ఈ భిన్నముల యెక్కములు వీథిబడిలో కంఠస్థము చేసిన బాలుడే పదేండ్ల ప్రాయమున తండ్రి సరసను గద్దెమీద కూర్చుండుటకు అర్హుడు. గణితశాస్త్రమున మనవారికి గల పాటవమును గూర్చి సిద్ధాంత గ్రంథములనే ప్రశంసించుట వాడుక. ఈ కుఱ్ఱవాని నోటి లెక్కకును ఆ ప్రశంసలో పాలు దక్కవలెనని నా యభిప్రాయము.

పుట పైభాగమున సంవత్సరము. అది క్రీస్తుశకము కాదు, ఫసలీ. నిజాము సర్కారు లెక్కలన్నియు ఫసలీలోనే నడచెను. ఫసలీకి 590 కలిపినచో క్రీస్తుశకము వచ్చును. అనగా 1300 ఫసలీ 1890 సంవత్సరమున అక్టోబరు నెలలో ఆరంభమగును, జనవరి దాటిన పిదప 591 కలుపవలెను. నెలల పేర్లు ఆజర్, దై, బహ్మన్, ఇస్ఫందార్ అను పారసీక నామములు. అయినను దుకాణదారుడు వీనిని కచేరీకి పోవు కాగితములందే వ్రాసి, ఇంటి చిట్టాలో మాత్రము ప్రభవాది సంవత్సరమును, చైత్రవైశాఖాది మాసమును, తిథిని వాడుట కలదు. ఒకే మనుష్యుడు ఒకే దినమున రెండు కాలములలో జీవించుచుండెను. వంశచరిత్రకారుడు ఈ రెండింటిని సరిపోల్చి చూడవలెను. లేనిచో తండ్రి మరణించిన యేడు కొడుకు పుట్టిన యేటికి ముందే వచ్చి కూర్చుండును.

ఇంతకంటె పెద్ద చిక్కు పేర్లది. తాత పేరు పెద్దమనుమనికి పెట్టుట మన తెలుగునాట తఱతరముల ఆచారము. అందుచేత ఆవర్జాలో ఒకే పేరు ఒక తరము విడిచి ఒక తరమున మరల మరల ప్రత్యక్షమగును. 1860 ప్రాంతమున అప్పిచ్చినవాడును, 1910 ప్రాంతమున ఆ యప్పు వసూలు చేసినవాడును ఒక్కరే యని భ్రమపడినచో, ఆ వృద్ధునకు మిక్కిలి దీర్ఘమైన యాయువు కల్పింపవలసివచ్చును. దీనికి విరుగుడు సర్కారు కాగితములందు దొరకును: అచ్చట ప్రతివాని పేరునకు వెనుక ‘వల్ద్’ అని చేర్చి తండ్రి పేరు వ్రాయుదురు. ఒక తమస్సుకు, అనగా అప్పుపత్రము, ఒక రహను, అనగా తాకట్టు కాగితము, ఒక ఇంటి పట్టా, ఈ మూడింటిని ప్రక్క ప్రక్కన పెట్టి చూచినచో తాతమనుమలు వేఱుపడుదురు. పెద్ద, చిన్న, నల్ల, పొట్టి యను విశేషణములు చిట్టాలో పేరునకు ముందు చేరియున్నచో అవి మఱింత మేలు; వంశవృక్షమున కొమ్మను గుర్తించుటకు వానికి మించిన సాక్ష్యము లేదు.

ఇక నాణెముల సంగతి. సాలార్‌జంగు ప్రథముడు దివానుగా నుండిన 1853 మొదలు 1883 వఱకు గల ముప్పదియేండ్లలో నిజాము రాజ్యపు పరిపాలన యంతయు రూపు మాఱెను. అంతకు ముందు పలుచోట్ల టంకశాలలుండి, గద్వాల, వనపర్తి వంటి సంస్థానముల నాణెములు సైతము చలామణిలో నుండెను. ఒక్కొక్క రూపాయికి ఒక్కొక్క బట్టా, అనగా మారకపు తరుగు. దుకాణదారుడు వచ్చిన ప్రతి రూపాయిని రాతిపై మోగించి, నొక్కి, తిరుగవేసి చూచి గాని గల్లాలో వేయకుండుటకు కారణమిది. సాలార్‌జంగు టంకశాలల నొక్కచోటికి చేర్చి హాలీ సిక్కాను స్థిరపఱచెను. అయినను సరిహద్దు దాటినచో ఇంగ్లీషు కల్దారు రూపాయి కావలెను. నూఱు కల్దార్లకు హాలీ సిక్కాలు 116 రూపాయల 10 అణాల 8 పైలు. హైదరాబాదు నగరమునందలి బేగంబజారు టోకు వర్తకులు బొంబాయి సరకునకు కల్దారు లెక్క కట్టుదురు, రుద్రారపు రైతు హాలీలో ఇచ్చును. ఈ రెంటి నడుమ నష్టపోకుండ నిలువదొక్కుకొనుటయే చిన్న దుకాణదారుని నిత్యవ్రతము.

ఆ సరకు వచ్చిన విధమును చెప్పవలెను. రైలు రాకపూర్వము ఉప్పును సముద్రతీరము నుండి లంబాడీలు ఎద్దుల మీద గోనెలు వేసికొని, వందలకొలది పశువుల బిడారులతో తెచ్చుచుండిరి. బిడారు వచ్చిన వారమున ఉప్పు చౌక. వానకాలము మధ్యలో ఉప్పు ప్రియము. ఆ వ్యత్యాసమును ముందుగా పసికట్టి నిల్వయుంచుకొన్నవాడే వర్తకుడు. 1874లో వాడి స్టేషను నుండి సికింద్రాబాదునకు నిజాము రైలుబాట తెఱవబడినది. అది రుద్రారము మీదుగా రాలేదు. దక్షిణముగా శంకరపల్లి, లింగంపల్లి మీదుగా పోయెను. ఈ యొక్క సంఘటనతో ఈ సీమలోని దుకాణదారుల అదృష్టములు తారుమారయ్యెను. లంబాడీల బిడారులు క్రమముగా తగ్గిపోయినవి. ఆ తండాల జీవనోపాధి కూలిపోయిన తీరు ప్రత్యేకముగా చెప్పుకొనవలసిన విషాదగాథ. స్టేషను చెంత దుకాణము పెట్టినవాడు కొద్ది యేండ్లలో గిడ్డంగి కట్టెను. పాత బాటను నమ్ముకొన్నవాడు రాత్రి బండి కట్టించుకొని బేగంబజారు పోయి మఱునాటికి సరకు తెచ్చుకొనుచు ఉన్నచోటనే యుండెను. అన్నదమ్ములలో ఒకడు స్టేషను చేరి, ఒకడు ఊర నిలిచినచో, ఆ యింటి ఆవర్జా సరిగా అచ్చటనే రెండుగా చీలును. దాయాదుల పంపకములకు కారణములను తోడికోడండ్ర కలహములలో వెదకుట మనకు పరిపాటి. అనేక యిండ్లలో అసలు కారణము రైలుబాట.

రైలుతో క్రొత్త సరకులును దిగినవి. అగ్గిపెట్టె వచ్చెను, గ్యాసునూనె డబ్బా వచ్చెను, మిల్లుబట్ట వచ్చెను. గానుగ ఆముదము మీద బ్రతికిన తెలికలవారి ఖాతా చిట్టాలో సన్నగిల్లుటయు, నేతవాని పేరిట నూలు జమ తగ్గుటయు, ఆ రెండు ఖాతాలకు ఎదుట బాకీలు పెరుగుటయు చూడగలము. ఇట్లు దుకాణదారుని కుటుంబచరిత్ర వ్రాయబోయి, మనకు తెలియకుండగనే ఊరి చరిత్రలో అడుగుపెట్టుదుము.

నేను చెప్పదలచిన ముఖ్యవిషయ మిదియే. కోమటి ఆవర్జా కోమటి వంశమునకు మాత్రమే చెందిన పత్రము కాదు. ఊరిలోని కాపుల, గొల్లల, గౌండ్ల, చాకలి, మంగలి, మాదిగ, మాల కుటుంబములలో నూటయేబది యేండ్ల క్రిందట జీవించిన పురుషుల పేర్లు, వారు ఏ యేట ఏమి కొనిరో, ఏ బిడ్డ పెండ్లికి ఎంత ఉద్దెర తెచ్చుకొనిరో వ్రాతపూర్వకముగా నిలిచిన చోటు అనేకగ్రామములలో అదియొక్కటే. భూమి లేని వానికి పట్టా లేదు. పట్టా లేని వానికి దస్త్రములో పేరు లేదు. శేరు జొన్నలు ఉద్దెర తెచ్చుకొన్నందున అతని పేరు ఆవర్జాలో మిగిలినది. ఆ పేరునకు ఎదుట సంతకమునకు బదులు నిశానీ యుండును: రైతు నాగలి బొమ్మ గీచును. అతని మనుమని మనుమడు నేడు బాట ప్రక్కని కర్మాగారములలో ఒకదాని గేటు దగ్గఱ కార్డు చూపి లోనికి పోవుచుండవచ్చును. తన తాతతాత వ్రేళ్లతో గీచిన నాగలి ఒక యటుకమీద నున్నదని అతనికి తెలియదు.

ఆ నాగలిని ఎట్టి సందర్భమున గీచెనో కూడ నిర్మొగమాటముగా చెప్పవలెను. తెలంగాణమున నాగు అను పద్ధతి యుండెను. విత్తులకో తిండికో ధాన్యము అప్పు తెచ్చుకొన్నవాడు పంట రాగానే ఒకటికి ఒకటిన్నర కొలువవలెను. ఒక తూము తెచ్చుకొన్నవాడు ఏడాదికి తూమును రెండు కుంచములును ఇయ్యవలెను. ఆ యేడు వాన పడలేదు, బాకీ నిలిచెను. రెండవయేట రెండు తూములు, ఒక కుంచము. అదియు తీఱలేదు, మూడవయేట మూడు తూములు, ఒక కుంచము, ఒక అడ్డ. మన పూర్వుల కొలతపాత్రలు సగము, సగములో సగము చొప్పున కల్పింపబడినవి కావున నాగు లెక్క వ్రేళ్లమీదనే తేలిపోవును. లెక్క సులభమైనకొలది తీర్చుట కష్టమయ్యెను. మూడేండ్లలో ఒకటి మూడింటికి మించెను. పొలము పోయిన కుటుంబముల కథ అనేక పర్యాయములు ఇట్టి యొక్క తూముతోనే ఆరంభమయ్యెను.

ఆవర్జా సాక్ష్యమే గాని నిష్పక్షపాత సాక్ష్యము కాదు. వ్రాసినవాడు ఋణదాత, ఋణగ్రస్తునకు చదువు రాదు. ఈ విషయమును మహారాష్ట్ర రైతులు తీవ్రముగా నెఱిగియుండిరి. 1875 మే 12వ తేదీన పుణె జిల్లా సూపా గ్రామమున రైతులు గుంపుగా సాహుకార్ల దుకాణములపై బడి, ఋణపత్రములను నడివీథిలో దగ్ధము చేసిరి. ఆ మంట చుట్టుప్రక్కల గ్రామములకును అహమదునగరు జిల్లాకును ప్రాకెను. ఫలితముగా 1879లో దక్కను రైతులకు ఉపశమనము కల్పించు చట్టము వచ్చెను. మన తెలంగాణమునందును 1946 తరువాతి రైతాంగ పోరాటమున ఋణపత్రములు అగ్గిపాలయ్యెను. ఆ పత్రములు దగ్ధమైనందుకు చరిత్రకారునిగా నాకు బాధ కలుగుట నిజమే. వానిని దగ్ధము చేసినవారి యాకలి ముందు నా బాధ స్వల్పమైనదనుటయు నిజమే.

అట్లని దుకాణదారుని క్రూరునిగా చిత్రించి చేతులు దులుపుకొనుట ధర్మము కాదు. 1876వ సంవత్సరము ధాత. దక్షిణాపథమంతటను వర్షములు మొగము చాటువేసి, మఱురెండేండ్లపాటు జనమును పీడించిన మహాక్షామమునకు మన ప్రజలు ధాత కరవని పేరిడిరి. అట్టి యేట చిన్న దుకాణదారుని స్థితి ఎట్టిదో ఆలోచింపుడు. కాగులలో నున్న గింజలు నలుబది యిండ్లకు రెండు నెలలు వచ్చును. ఉద్దెర అడుగువారు వందమంది. ఇచ్చినచో తిరిగి వచ్చునను ఆశ లేదు. ఇయ్యనిచో తలుపులు విరుగును. బేగంబజారు సాహుకారు తనకు రావలసిన సొమ్మునకై కబురుపై కబురు పంపుచుండును. కొందఱు ధర పెంచి లాభించిరి, కొందఱు గింజలు పంచి దివాలా తీసిరి. ఒకే యింటి అన్నదమ్ములలోనే ఈ రెండు తెగలవారును ఉండవచ్చును. ఆ యేటి పుటలలో చెల్లు గీతలు లేక ఖాతాలు వరుసగా ఖాళీపడియున్నచో, ఆ మనుష్యులు చచ్చిరో, వలసపోయిరో, ఋణము విడువబడెనో కనుగొనుటయే వంశచరిత్రకారుని అసలు పని.

దుకాణదారునకును పైనొక బలవంతుడుండెను. సర్కారు అధికారులు గ్రామములకు వచ్చి బస చేసినపుడు, వారికిని వారి పరివారమునకును గుఱ్ఱములకును కావలసిన బియ్యము, నేయి, దినుసులు కోమటి దుకాణము నుండి పోవలసినదే; ఇచ్చిన ధర వారి దయ, ఇయ్యనిచో అడుగుటకు నోరు లేదు. మోతర్ఫా యను వృత్తిపన్ను దీనికి తోడు. పందొమ్మిదవ శతాబ్దమంతయు మౌనముగా సహింపబడిన ఈ బాధ, 1921లో హైదరాబాదున వెలసిన ఆంధ్రజనసంఘము మూలమున తొలిసారిగా బహిరంగముగా చర్చింపబడినది. మాడపాటి హనుమంతరావు పంతులుగారి సారథ్యమున ఆ సంఘము వర్తకస్వాతంత్ర్యమును గూర్చి చిన్న పుస్తకము ప్రకటించి ఊరూర పంచెను. వెట్టిచాకిరిని గూర్చియు అట్లే పంచెను. 1930 మార్చిలో సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన తొలి ఆంధ్రమహాసభ ఈ సీమలోని జోగిపేటలోనే జరిగినది. దుకాణదారుల పిల్లలు గ్రంథాలయములలో పత్రికలు చదువ నారంభించిన తరమది. అధికారులకు ఊరకయిచ్చిన సరకును మన చిట్టాలలో ఏ పద్దుక్రింద వ్రాసిరో గమనింపుడు: తఱచుగా అది ధర్మము ఖాతాలోనే కలిసిపోయియుండును. దేవునికిచ్చినదియు తహసీలుదారు నౌకరునకు పోయినదియు ఒక్క పద్దే యగుటలో ఎంత దుఃఖమున్నదో!

ఇప్పటివఱకు చెప్పినదంతయు పురుషుల కథ. స్త్రీలు ఆవర్జాలో ఎచ్చటనున్నారు? ఖర్చు ప్రక్కన ఉన్నారు. పెద్దపిల్ల పురుటికి, చిన్నపిల్ల సారెకు, కోడలి పుస్తెకు అను పద్దులలో ఉన్నారు. పేర్లు మాత్రము లేవు. భర్త బేగంబజారు పోయిన దినములలో గద్దెమీద కూర్చుండి అమ్మకము సాగించినది ఇల్లాలే. కొంగున గింజలు కట్టుకొని వచ్చి ఉప్పు, మిరపకాయలు మార్చుకొనిపోవు ఊరి యాడువారు ఎక్కువగా సావుకారమ్మతోనే బేరమాడుదురు; ఎవరి యింట పొయ్యి వెలుగలేదో ముందుగా తెలియునది ఆమెకే. భర్త చనిపోయినచో, నాటి అవిభక్త కుటుంబ న్యాయము ప్రకారము ఆమెకు తిండిబట్టలే గాని ఆస్తి లేకుండెను. అయినను కొడుకు మైనారిటీ తీఱువఱకు తరాజు పట్టి దుకాణము నిలిపిన వితంతువులు లేని వర్తకవంశమే యుండదని చెప్పవచ్చును. అట్టి యేండ్ల పుటలలో దస్తూరి మాఱును: గుమాస్తాది గాని, మఱదిది గాని యగును. వ్రాసిన చేయి వేఱు, నడపిన తల వేఱు. చిట్టాలో దస్తూరి మాఱినచోటనెల్ల ఆగి, ఆ యింట అప్పుడేమి జరిగెనని విచారించుట మఱువరాదు.

మన సాహిత్యము ఈ కుటుంబము పట్ల చేసిన న్యాయము తక్కువ. సామెతలందును, ప్రహసనములందును శెట్టి పాత్ర నవ్వించుటకే వచ్చును. కాళ్లకూరి నారాయణరావుగారి చింతామణి నాటకములోని సుబ్బిశెట్టి పాత్ర కాలక్రమమున ఎంత వెగటు హాస్యమునకు పాత్రమయ్యెనో, తుదకు 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆ నాటక ప్రదర్శనమునే నిషేధించుట మనమెఱుగుదుము. నిషేధము వలన గౌరవము వచ్చునని నేననుకొనను. లెక్కపుస్తకములు తెఱచి చూపి, నాగు దాచక, ధాత కరవులో పంచిన గింజలను దాచక వ్రాసిన వంశచరిత్రలు పది వెలువడినచో సుబ్బిశెట్టి తనంతట తానే వెలవెలపోవును. మహాత్ముడు తన యాత్మకథకు నాందిగా గాంధీలు మొదట పచారీకొట్టువారని సంకోచము లేక చెప్పుకొనెను. అమెరికా దేశమున లింకను యౌవనమున న్యూసేలమను చిన్న యూర భాగస్వామితో దుకాణము పెట్టి, అది మునిగిపోగా, భాగస్వామి మరణించిన తరువాత అతని పాలి యప్పును సైతము ఏండ్ల తరబడి తీర్చెను. ఆ దేశమువారు ఆ దుకాణపు కథను ఆయన జీవితచరిత్రలో ఆదరముతో చెప్పుకొందురు. సురవరమువారు 1949లో ప్రకటించిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో తూనికలకు, కొలతలకు, అంగళ్లకు చోటిచ్చి మనకు దారి చూపిరి. ఆ దారిని ఇంటింటివఱకు పొడిగింపవలసిన బాధ్యత మిగిలియున్నది.

తరువాతి కథ త్వరగా చెప్పవచ్చును. 1948లో హైదరాబాదు రాజ్యము భారతదేశమున విలీనమైన కొంతకాలమునకు హాలీ సిక్కా చలామణి నిలిచెను. 1957 ఏప్రిలులో నయాపైసలు వచ్చెను. 1958 నుండి కిలోగ్రాములు, లీటర్లు క్రమముగా వచ్చి మానికలను, తవ్వలను, సోలలను అటుకెక్కించెను. 1960 తరువాత రామచంద్రాపురమున భారీ విద్యుత్పరికరముల కర్మాగారము, 1972లో పటాన్‌చెరువున ఇక్రిశాటు వ్యవసాయ పరిశోధనసంస్థ, పిదప వరుసగా మందుల, రసాయనముల, యంత్రముల పరిశ్రమలు వెలసి, ఒడిశా బిహారు రాష్ట్రముల నుండి పనివారు వచ్చి చేరిరి. దుకాణదారుని ఇనుపమేకుల పద్దు పెరిగెను, జొన్నల పద్దు అదృశ్యమయ్యెను. పొలముల ధరలు చుక్కలనంటగా, నాగు క్రింద చిక్కిన భూమియు, అన్నదమ్ముల పంపకములలో వచ్చిన భూమియు చేతులు మాఱెను. మనుమలు హైదరాబాదు కూకట్‌పల్లిలోను, అమెరికాలోను స్థిరపడిరి. పాత యిల్లు కూల్చి మేడ కట్టునపుడు అటుకమీది ఎఱ్ఱ అట్టల మూటను పాతకాగితముల బండివాడు కిలోల లెక్కన కొనిపోవుచున్నాడు. ఈ మాట పలుకునపుడు నాకు నిజముగనే గుండె కలుక్కుమనుచున్నది. పైతరమువారు నిప్పునుండి, నీటినుండి, చెదలనుండి కాపాడినది బండివాని తరాజులోనికి పోవుచున్నది.

రుద్రారము, ఇస్నాపురము, పటాన్‌చెరువు, సదాశివపేట ప్రాంతముల శ్రోతలలో అట్టి మూట గల యిండ్లవారున్నచో, నా విన్నపము వినుడు. మూట విప్పినపుడు పుస్తకముల వరుస చెదరనీయకుడు. ఏది దేని ప్రక్కన నుండెనో అదియు సాక్ష్యమే. పుటలను ఎండలో పఱువక, నీడను ఆరబెట్టి, మెత్తని కుంచెతో దుమ్ము దులిపి, మొదటి పుట నుండి వరుసగా ఛాయాచిత్రములు తీయించి, సంవత్సరము కనబడు పుటపై ఫసలీయో శకమో గుర్తించి వేఱొక కాగితమున వ్రాసియుంచుడు. బాకీదారుల పేర్లున్నవని, పరువు పోవునని భయపడవలదు. ఆ యప్పులు కాలదోషము పట్టి ఎన్నో యేండ్లయినది, ఆ పేర్లు మాత్రము వారి మనుమలకు అమూల్యములు. ఉంచుకొనుటకు చోటులేనిచో హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర పురాలేఖన భాండాగారమువారిని సంప్రదింపుడు. ఇంటిలో ఎనుబది దాటిన అవ్వ యున్నచో, ఆ చిత్రములను ఆమె ముందుంచి, తన అత్తగారి పేరు, అత్తగారి అత్తగారి పేరు, వారి పుట్టినిండ్ల ఊళ్లు అడిగి, సారె పద్దుల ప్రక్కన ఖాళీగా నున్న చోట్ల ఆ పేర్లను పెన్సిలుతో, సన్నగా, మూలము చెడకుండ వ్రాయింపుడు.